పోకర్ బల్ల దగ్గర కంకుభట్టు

“పోకర్ నాకు ధ్యానం” అనే మాట ఈమధ్య తరచూ చెవిన పడుతోంది. ఆట నేర్పే యూట్యూబు వాళ్ళు అంటారు, బెంగళూరులో ఉద్యోగాలు చేసే మా పిల్లలు సంక్రాంతికి నెల్లూరు వచ్చినప్పుడు అంటారు. ఓర్పు నేర్పుతుందట, అహంకారం దించుతుందట, ఫలితం మీద ఆశ వదిలిస్తుందట. ఈ మాట పెద్దవాళ్ళ చెవిన పడితే జవాబు ఒక్కటే: “పేకాటకు వేదాంతం ఒకటా!” నేను ఇద్దరి దగ్గరా కూర్చున్నవాణ్ణి. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది.

నా పక్షం ముందే చెప్పేస్తాను. పోకర్‌కీ సాధనకీ పోలిక నిజంగానే ఉంది, రెండూ చాలా దూరం కలిసే నడుస్తాయి. ఒక చోట మాత్రం దారి చీలుతుంది. ఆ చీలిక కనిపెట్టకుండా ఆటనే సాధన అనుకున్నవాడు చాలా పోగొట్టుకుంటాడు. చీలిక ఉంది కదా అని మొత్తం పోలికనే కొట్టిపారేసేవాళ్ళు కూడా మన ఇతిహాసం ఎంతో శ్రద్ధగా ఆలోచించిన ఒక సంగతిని చూడకుండా వదిలేస్తున్నారు.

నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. సంభావ్యత పాఠం 52 పేకముక్కలు లేకుండా నడవదు. ఇంట్లో పేక ముట్టుకోనివ్వని ఆడపిల్లలు కూడా ఆటీను, ఇస్పేటు, డైమను, కళావరు ఎన్నెన్నో గడగడా చెప్పేస్తారు. నేను పోకర్‌కు వచ్చింది ఆ దారినే. మనవైపు రమ్మీ తెలియని ఇల్లు అరుదు కాబట్టి ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు తెరుస్తారు: మొదట మూడు, అది ఫ్లాప్, తర్వాత ఒకటి, అది టర్న్, ఆఖరి ముక్క రివర్. ఆ ఏడింటిలోంచి ఎవరి అయిదు ముక్కలు మేలైనవైతే వాళ్ళు గెలిచినట్టు. ప్రతి దశలోనూ పందెం పెంచొచ్చు, సరితూగొచ్చు, ముక్కలు పారేసి తప్పుకోవచ్చు. ఎదుటివాళ్ళందరూ పారేస్తే నీ చేతిలో ఏమున్నా గెలుపు నీదే. రమ్మీలో పదమూడు ముక్కలు జతపరచడం మీద ధ్యాస ఉంటుంది; ఇక్కడ ధ్యాసంతా ఎదుటి మనిషి మీద, ఆపైన తన మీద.

పోలిక ఎక్కడ నిజమో ముందు అది చెప్పాలి. తొమ్మిది మంది కూర్చున్న బల్ల దగ్గర నిబ్బరంగా ఆడేవాడు పది చేతుల్లో, అంటే పది పంపకాల్లో, ఏడెనిమిది పారేస్తాడు. ముక్కలు చూస్తాడు, పెడతాడు, కూర్చుంటాడు. చూసేవాళ్ళకు వీడు ఆడుతున్నాడా అని అనుమానం వస్తుంది. చేయి ఊరుకోదు, మనసు అంతకన్నా ఊరుకోదు. “ఇంతసేపు కూర్చున్నాను, ఈ ఒక్కటి ఆడతాను” అని మనసు లోపల బేరం మొదలుపెడుతుంది. కొత్తవాళ్ళు పోగొట్టుకునేదాంట్లో ఎక్కువ భాగం ఈ బేరంలోనే పోతుంది.

ఆ బేరాన్ని నేను ఇంకోచోట కూడా చూశాను. మా అమ్మ గొలగమూడి భక్తురాలు. వెంకయ్యస్వామి ఆశ్రమంలో శనివారం రాత్రి నిద్ర చేయడం మా చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో ఆనవాయితీ. అమ్మకు తోడుగా వెళ్ళి, చాప పరుచుకుని, అంతమంది మధ్య కూర్చుంటే మొదటి గంట బాగానే ఉంటుంది. తర్వాత మనసు అడగడం మొదలుపెడుతుంది: ఇప్పుడేం జరగాలి? ఏమీ జరగదు. జనం పడుకుంటారు, ఎవరో నామం చెప్పుకుంటుంటారు, దోమలు కుడతాయి. అక్కడ కూర్చోవడం అంటే ఏమీ జరగకపోయినా లేవకుండా ఉండటమే. అక్కడ ఫోన్ తీయాలనే ఆరాటం, ఇక్కడ పనికిరాని ముక్కలతో పందెంలోకి దూరాలనే ఆరాటం ఒకటే. చేతులు పారేస్తూ కూర్చోవడం అలవాటైన మనిషికి ఆ రాత్రి కొంచెం తేలికవుతుందని నా అనుభవం మీద చెప్పగలను.

రెండోది ఇంకా ముఖ్యం. చేసిన పనినీ వచ్చిన ఫలితాన్నీ విడదీసి చూడటం. ఇది ఒక చేయి చూపిస్తే గాని తెలియదు.

మేం కొందరం మిద్దె మీద చింతగింజలతో ఆడతాం. రూపాయి ఉండదు. మా మేనమామ ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు వేసే మనిషి, అరవై దాటినాయన. రమ్మీలో చెయ్యి తిరిగినవాడు, పోకర్ ఈమధ్యే పట్టుకున్నాడు. ఆ రోజు ఆయనకు రెండు ఆసులు పడ్డాయి, డైమను, ఆటీను. సగటున 221 చేతులకొకసారి వచ్చే జత అది. మా పక్కింటి కుర్రాడికి ఇస్పేటు రాజు, ఆటీను రాజు. ఇద్దరూ పెంచుకుంటూ పోయి, ఫ్లాప్ తెరవకముందే ఉన్న గింజలన్నీ బల్ల మధ్యకు తోశారు. ముక్కలు తిప్పి పెట్టారు. నూటికి 82 సార్లు ఆసులే గెలవాలి. ఫ్లాప్‌లో తొమ్మిది, నాలుగు, జాకీ. టర్న్ రెండు. ఇంక కనపడని ముక్కలు 44, అందులో రాజులు రెండే. రివర్ తిప్పితే కళావర్ రాజు.

కుర్రాడు కుర్చీలోంచి ఎగిరాడు. మామ ఆ రాజును కాసేపు చూసి నావైపు తిరిగాడు.

“అబ్బయా, గింజలు తోసేటప్పుడు నాదేనా పైచెయ్యి?”

“నీదే మామా. వందకు ఎనభై రెండు పాళ్ళు.”

“అట్టయితే ఇంకేంది, సరిపాయె.” టీ గ్లాసు అందుకున్నాడు.

పోకర్ పాఠాల్లో ఏళ్ళ తరబడి చెప్పేది ఇదే. మంచి నిర్ణయానికి చెడ్డ ఫలితం రావొచ్చు, చెడ్డ నిర్ణయానికి మంచి ఫలితం రావొచ్చు, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని కొలవకు. పుస్తకం తెరవకుండానే మామకు ఇది ఎట్టా వచ్చింది? గుంటల దగ్గర వచ్చింది. పక్కపక్కనే రెండు గుంటలు, ఒకే హేచరీ పిల్ల, ఒకే మేత, అవే ఏరేటర్లు. ఒకదాంట్లో తెల్లమచ్చ రోగం పడుతుంది, రొయ్య గట్టుకొచ్చేస్తుంది, వారం పది రోజుల్లో గుంట ఖాళీ. పక్క గుంటలో పట్టుబడి బ్రహ్మాండంగా వస్తుంది. ఎండిపోయిన గుంటను చూసి నేను పనికిమాలినవాణ్ణి అనుకున్నా, నిండిన గుంటను చూసి నా అంతవాడు లేడనుకున్నా, ఆ రైతు మరుసటి పంటకు బుర్ర నిలబెట్టుకోలేడు. పోకర్ బల్లకీ రొయ్యల గుంటకీ ఇంత దగ్గరి చుట్టరికం ఉంది.

అయితే పోలికలో బిగువు సడలేది కూడా ఈ గుంట గట్టు మీదే. ఆసులు ఓడినప్పుడు టీ తాగిన మనిషి, గుంటలో తెల్లమచ్చ పడిన ఏడాది నాలుగు రోజులు ఎవరితోనూ పలకలేదు. అన్నం దగ్గర కూర్చుని లేచిపోయేవాడు. చింతగింజల దగ్గరి సమబుద్ధి అప్పు తెచ్చిన డబ్బు దగ్గరికొచ్చేసరికి నిలవలేదు. ఆయన్ని తక్కువ చేయడానికి చెప్పడంలేదు, ఆ స్థితిలో నేనుంటే ఆమాత్రం కూడా ఉండలేను. బల్ల దగ్గర కుదిరిన మనసు బతుకులోనూ కుదురుగా ఉంటుందని ఎవరైనా హామీ ఇస్తే మాత్రం నమ్మకండి.

ఇక దారి చీలే చోటికొద్దాం. పోకర్ పాఠాల్లో గీతను చాలా సులువుగా ఎత్తుకుంటారు. “కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన.” శ్లోకంలో మిగతా సగం ఎవరూ చదవరు. “మా కర్మఫలహేతుర్భూః” అని ఉంది తర్వాత. ఫలమే కారణంగా పని చేసేవాడివి కావద్దని. పోకర్ ఆటగాడి నిర్లిప్తతను ఈ రెండో సగం ముందు నిలబెట్టి చూడండి. ఈ చేతి ఫలాన్ని వాడు వదిలేశాడు, నిజమే. ఎందుకు వదిలేశాడు? లక్ష చేతుల మీద వచ్చే ఫలం కోసం. ఈ పూట ఓడినా నవ్వగలుగుతున్నాడంటే, లెక్క ప్రకారం ఏడాది చివర తనదే పైచెయ్యి అని తెలుసు గనక. వాడి ఆశ చిన్నది కాలేదు, ఇంకా దూరం చూడటం నేర్చుకుంది. గొప్ప క్రమశిక్షణే, కాదనను. కానీ ఫలం మీద ఇంత ఓపికగా గురిపెట్టడాన్ని ఫలత్యాగం అనడం ఎట్టా కుదురుతుంది? సాధనలో వదిలేసినదానికి ఏడాది చివర లెక్క ఉండదు. అమ్మను గొలగమూడి వెళ్ళి ఏం సంపాదించావని అడిగితే ఆమెకు ప్రశ్నే అర్థం కాదు.

మరో తేడా, ఎదుటి మనిషి. సాధనలో నీ శాంతి వల్ల ఎవరికీ నష్టంలేదు. పోకర్‌లో నీ శాంతి ఎదుటివాడి మీద వాడే ఆయుధం. ముఖంలో ఏ భావమూ కనపడనివ్వకపోవడం కూడా వాడికి తెలియనివ్వకూడదనే. బ్లఫ్‌ను, అంటే చేతిలో లేనిది ఉన్నట్టు పందెం పెంచడాన్ని, నేను అబద్ధం అనను, అందరూ ఒప్పుకుని కూర్చున్న ఆట అది. కానీ పందెం డబ్బయినప్పుడు బల్ల మీద కొత్త డబ్బు పుట్టదు. నువ్వు ఇంటికి తీసుకెళ్ళేది ఎవరో ఇంట్లోంచి తెచ్చిందే. ఎవడికి చిరాకు ఎక్కువో, ఎవడు తాగి ఉన్నాడో, ఎవడు పోయింది రాబట్టుకోవాలని తహతహలాడుతున్నాడో వెతికి, వాడి ఎదురుగా కూర్చోమని పోకర్ పాఠాలు నేర్పుతాయి. మనిషి బలహీనతను కనిపెట్టే చూపు సాధకుడికీ ఉంటుంది. కనిపెట్టాక ఏం చేస్తాడన్నదే ప్రశ్న.

ఋగ్వేదం పదో మండలంలో జూదరి సూక్తం ఒకటుంది, 34వది. పెళ్ళాం వదిలేసి, అప్పులపాలై, రాత్రిళ్ళు పరాయి ఇళ్ళ చుట్టూ తిరిగే జూదరి గోడు. చివర్లో “అక్షైర్మా దీవ్యః కృషిమిత్ కృషస్వ” అంటుంది, జూదమాడకు, సేద్యం చేసుకో అని. సేద్యం మాత్రం జూదం కాదా అని మామలాంటివాళ్ళు అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. అదృష్టం రెండుచోట్లా ఉంది. కానీ మామ గుంట పండితే పక్క రైతు గుంట ఎండదు. నాకు తేడా అక్కడ కనపడుతుంది.

“ద్యూతం ఛలయతామస్మి” అని కృష్ణుడే అన్నాడు కదా, మోసగాళ్ళలో జూదాన్ని నేనే అన్నాడు కదా అని కొందరు వాదిస్తారు. అదే అధ్యాయంలో రెండు శ్లోకాల ముందు “మృత్యుః సర్వహరశ్చాహం” అని కూడా అన్నాడు. అంతమాత్రాన చావు వెతుక్కుంటూ ఎవరూ పోరు. అది విభూతుల వరస. ఏ కోవలో ఏది బలమైందో చెప్పిన మాటే గాని ఆడుకోమని ఇచ్చిన అనుమతి కాదు.

ఇంతకన్నా గట్టి సాక్ష్యం భారతంలోనే ఉంది. దాన్ని నెల్లూరువాళ్ళం మరీ ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన తెలుగు భారతాన్ని ఎత్తుకున్నది విరాటపర్వం నుంచి. ఆ పర్వంలో ధర్మరాజు ఏ వేషంలో వస్తాడు? కంకుభట్టుగా, విరాటరాజుతో పాచికలాడే సభికుడిగా! వంటవాడు, నాట్యాచార్యుడు, గుర్రాలు చూసేవాడు, ఆవులు కాసేవాడు, సైరంధ్రి అందరూ తమకు వచ్చిన విద్యనే పట్టుకున్నారు. ధర్మరాజు మాత్రం తనను ముంచిన విద్యనే పట్టుకున్నాడు.

సభాపర్వంలో ఆయన్ని చూడండి. పోకర్ వాళ్ళు టిల్ట్ అంటారే, ఓడినకొద్దీ బుద్ధి ఒరిగిపోవడం, దానికి ఇంతకన్నా నిండైన చిత్రం నేనెక్కడా చదవలేదు. ప్రతి పందేనికీ శకుని “గెలిచాను” అంటాడు, ధర్మరాజు ఇంకా పెద్దది ఒడ్డుతాడు. ధనం, రాజ్యం, నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు, తాను, ఆఖరుకు ద్రౌపది. ధృతరాష్ట్రుడు అంతా తిరిగి ఇచ్చి పంపించాక మళ్ళీ పిలిస్తే మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. పన్నెండేళ్ళ అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతం ఆ రెండో ఆటలో పోయినవే.

ఆ పన్నెండేళ్ళలో బృహదశ్వుడనే ముని వచ్చి, తమ్ముడు పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకున్న నలుడి కథ చెబుతాడు. నలుడు బాహుకుడనే మారుపేరుతో ఋతుపర్ణ మహారాజు రథం తోలుతుంటే దారిలో ఒక తాని చెట్టు కనిపిస్తుంది, త్రిఫలచూర్ణంలో వేసే తానికాయ చెట్టు. ప్రాచీనులు పాచికలుగా వాడింది ఆ కాయలనే. ఋతుపర్ణుడు ఆ చెట్టు ఆకులూ కాయలూ ఎన్నో చూపుతోనే చెప్పేస్తాడు. నలుడు నమ్మడు. రథం ఆపి, చెట్టు నరికి లెక్కపెడతాడు. సరిగ్గా అంతే! అశ్వవిద్య ఇచ్చి ఆ అక్షహృదయం, అంటే పాచికల లెక్క తెలిసే విద్య, నేర్చుకుంటాడు. నేర్చుకున్న క్షణాన, నలుణ్ణి జూదంలో ముంచి ఒంట్లో దాగి ఉన్న కలి బయటికి కక్కుకుంటూ వచ్చేస్తాడు. లెక్కలు చెప్పుకునే నాకు ఈ ఘట్టం చదివినప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది. అదృష్టమనే పొగ వెనక లెక్క ఉందని చూడగలగడమే కలిని వెళ్ళగొట్టింది. బృహదశ్వుడు ఆ విద్యనే ధర్మరాజుకూ ఉపదేశిస్తాడు.

నలుడు తర్వాత ఏం చేశాడో కూడా చూడాలి. తిరిగొచ్చి పుష్కరుడితో ఒక్క ఆట ఆడి అంతా గెలుచుకున్నాడు. ఓడిన పుష్కరుణ్ణి క్షమించి, వాడి భాగం వాడికిచ్చి, సాగనంపాడు. పోకర్ పాఠాలు లెక్క దాకా వచ్చి ఆగుతాయి. కథ ఇంకో అడుగు వేసింది.

ఇక విరాటపర్వంలోని ఒక ఘట్టానికొస్తాను. కొడుకు ఉత్తరుడు కౌరవులను గెలిచాడన్న వార్త విని విరాటుడు ఉప్పొంగిపోయి పాచికలు తెమ్మంటాడు. కంకుభట్టు వద్దంటాడు. సంతోషంతో ఊగిపోతున్నవాడితో ఆడకూడదని విన్నానంటాడు. పైగా, పాండురాజు కొడుకు యుధిష్ఠిరుడు జూదంలో రాజ్యాన్నీ తమ్ముళ్ళనూ పోగొట్టుకున్న సంగతి వినలేదా అని తన కథే తాను పరాయివాడి కథలాగా చెబుతాడు. ఓడినప్పుడు బుద్ధి చెదురుతుందని అందరికీ తెలుసు. గెలిచిన ఊపులోనూ అంతే చెదురుతుందని బల్ల దగ్గర నిజంగా కూర్చున్నవాడికే తెలుస్తుంది. రాజు వినడు. ఆట నడుస్తుండగా కంకుభట్టు గెలుపు బృహన్నలదేనంటాడు, రాజు కోపంతో పాచికను మొహాన కొడతాడు. ముక్కు నుంచి నెత్తురు. అది నేల పడకుండా ధర్మరాజు చేతుల్లో పట్టుకుంటాడు, ద్రౌపది బంగారు పాత్ర తెచ్చి పడుతుంది. ఎదురుమాట లేదు.

సభాపర్వంలో ఆడిన మనిషీ ఇక్కడ ఆడుతున్న మనిషీ ఒక్కరే, చేతిలో ఉన్నవీ పాచికలే. మధ్యలో జరిగింది సాధన. అది బల్ల దగ్గర జరగలేదు, అడవిలో జరిగింది. బల్ల దాన్ని చూపించింది. ఆట మనసును తయారుచేయదు, తయారైందో లేదో మొహమాటం లేకుండా చూపిస్తుంది. పోలికలో నాకు నిజమనిపించేది ఇంతే, ఇది చిన్నదేం కాదు. కంకుభట్టు కూడా విరాటుడి దగ్గర గెలిచిన సొమ్ము తమ్ముళ్ళకు గుట్టుగా పంచాడని భారతం చెబుతుంది, ఆ మాట దాచను. అక్కడ కూడా ఒకరి గెలుపు ఇంకొకరి ఓటమే. ఇతిహాసం దాన్ని తీయగా చేసి చెప్పలేదు.

డబ్బు సంగతి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. బల్ల పెట్టినవాడు ప్రతి పందెం నుంచి తన వాటా కోసుకుంటాడు కాబట్టి ఆడేవాళ్ళందరి లెక్కా కలిపితే ఎప్పుడూ నష్టమే. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటని సుప్రీంకోర్టు 1960ల చివర్లో మన రాష్ట్రం కేసులోనే చెప్పింది. అది పట్టుకుని “నైపుణ్యం” అనే ముద్ర వేసి ఆన్‌లైన్‌లో అమ్మినవాళ్ళు అమ్మారు. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ 2020లో సవరించి ఆన్‌లైన్ జూదాన్ని అందులోకి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా, నిషేధించింది. నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అప్పులపాలై ప్రాణం తీసుకున్న కుర్రాళ్ళ వార్తలు చదివాక ఓర్పు, ధ్యానం అనే మాటలను ఆ యాప్‌ల పక్కన పెట్టి చూడలేను.

“డబ్బు లేకపోతే అది పోకరే కాదు, ఎవడికీ పోయేదేం లేక అందరూ అన్నీ ఆడేస్తారు” అని నాతో వాదించేవాళ్ళు ఉన్నారు. ఆ మాటలో బలం ఉంది. అందుకే మా మిద్దె మీద కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఏడాది మొదట్లో అందరికీ సమానంగా గింజలు. అయిపోతే మళ్ళీ ఇవ్వరు, ఆ ఏడంతా పంచిపెట్టే పని, టీ పోసే పని వాడిదే. కూర్చుని చూడొచ్చు, ఆడకూడదు. ఆట ఇష్టమైన మనిషికి ఇది చాలా పెద్ద పందెం. నిరుడు మొదటి నెలల్లోనే గింజలన్నీ పోగొట్టుకున్న కుర్రాడు మిగతా ఏడంతా ఊరికే చూసి చూసి, ఈ ఏడు అందరికన్నా బాగా ఆడుతున్నాడు.

ఇంకో కట్టుబాటు నాది. పెద్ద పందెం పెట్టినప్పుడల్లా, తర్వాతి ముక్క తెరవకముందే, ఎందుకు పెట్టానో నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయాలి. ముక్క తెరిచాక దిద్దకూడదు. పిల్లలు రాసేవన్నీ చక్కటి కారణాలే: వాడు వణికాడు, లెక్క ప్రకారం మూడోవంతు అవకాశం, ఇంతకుముందు కూడా ఇట్టాగే ఆడాడు. నేను రాసేవీ అంతే. మామ రాసింది మేం కూడబలుక్కుని చదవాలి. చాలాసార్లు ఆయన రాసింది ఒకటే: “తెలీదు, ఆశపడి పెట్టాను.” అట్టా రాయడానికి మిగతావాళ్ళం ఇంకా తంటాలు పడుతున్నాం.